గడి

బొమ్మల పుస్తకంల ఒక్కో డబ్బాను గడి అంటరు.
మా తాతల కాలంల దొర ఉన్న ఇంటినీ గడే అన్నరు.
గీత కొట్టేటప్పుడు ఈ సంగతి యాదికొస్తే
స్కేలు జారుతది.

మూడేండ్ల నుంచి గీస్తున్న.
మర్రిగూడ బస్టాండు ఎన్క జిరాక్సు షాపు.
పగలు ఆధార్ కార్డులు, పాసుబుక్కుల నకళ్లు.
షట్టర్ సగం దించినంక రాజ్యం.

రాజ్యం ఎత్తు మీద ఉంటది.
దేవరకొండ ఖిల్లా ఎక్కి చూసి తెచ్చుకున్న దర్వాజలు,
బురుజు సందులల్ల మొలిచిన సీతాఫలం చెట్లు.
కావలికి రెక్కల యాళిని పెట్టిన.
అది నిప్పులు కక్కదు. నీళ్లు తాగుతది.
కొండ మీది తియ్యబాయి నీళ్లు
ముందు యాళికి, తర్వాత రాజుకు, తర్వాత రాజు ఏనుగుకు.
ఏనుగు కాళ్లు కడిగినంక మిగిలితే
మెట్ల మీదికెళ్లి కిందికి.
కింద ఊరికి వేరే బాయి.
ఆ నీళ్లు తాగినోళ్లు మెల్లగ రాయైతరు:
ముందు పండ్లు, ఎన్క మోకాళ్లు, ఆఖరుకు మెడ.
శాపం అని రాసిన. మంత్రగాడు పెట్టిండని రాసిన.
రాసి కొట్టేసిన.
శాపమైతే ఎవలో ఒకలు ఇడిపించాలె గద.

హైదరాబాద్ నుంచి పబ్లిషరు ఫోను:
"రాజు మస్తుగొచ్చిండు. యాళి అదిరింది.
పల్లకి మోసే బోయీల కాళ్లే కుదరలే,
వంకర పోయినయ్.
జర అనాటమీ చూస్కో చెల్లె."

అనాటమీ.
నేను చూసిన కాళ్లు ఇవే అన్నా.
బడిల నా పక్క బెంచీ కింద ఊగని కాళ్లు,
రేషన్ లైన్ల గోడ పట్టుకున్న కాళ్లు,
సదరం సర్టిఫికెట్ నకలుకొచ్చి
నా షాపు మెట్టు కాడ ఆగిపోయిన కాళ్లు.
సక్కటి కాళ్లు కావాలంటే
రాజుకు పెట్టిన గద, రెండు.

ఆదివారం బుగ్గయ్య చిన్నాయనను పిలిచిన.
రోకలి భుజం మీద పెట్టి
గిట్ల నిలబడు, పావుగంట, అన్న.
నిలబడ్డడు.
ఆయనకు మెడ తిరగది. నన్ను చూడాలంటే
మనిషి మొత్తం తిరగాలె, దర్వాజ తిరిగినట్టు.
అందుకే గోడను చూసుకుంట మాట్లాడిండు.

"పల్లకిల ఎవరు?"
రాజు.
"పేరు?"
ఇంక పెట్టలే.
"నాకు?"
నీకు బుగ్గయ్యే.
నవ్విండు. కాల్చిన మక్కకంకి లెక్క పండ్లు.
"బరువెంత ఉంటడు?"
రాజును గియ్యలే చిన్నాయనా, తెర ఏసిన.
"తెర ఏసినా బరువుంటది."

ఇప్పుడు నల్లాల కృష్ణ నీళ్లొస్తున్నయి ఊరికి.
చిన్నాయన తాగుతడు, తియ్యగున్నయంటడు.
ఎముకకు మాత్రం ఆ కబురు అందలే.

గడి నిండ పల్లకే పట్టింది.
పల్లకి మీది కలశం పై గీతకు తాకింది,
కింద బోయీలకు జాగ చాలలే.
పాదాలు గీత దాటి
గడికీ గడికీ నడుమ తెల్ల సందులకు దిగినయ్.
ఆ సందుల ఎవరూ ఉండొద్దు, అది రివాజు.
కథ దాని మీదికెళ్లి దుంకి
ముందటి గడిలకు పోతది, మైల అంటకుండ.
రబ్బరు చేతుల పట్టుకొని
చానసేపు కూసున్న.
చెరపలే.

"అయిందా?"
ఇంకో ఐదు నిమిషాలు.
"అది కాదు బిడ్డా. మేము దించుడు ఏ పేజీల?"

కథ రాసుకున్న నోటుబుక్కు తిప్పిన.
యుద్ధం ఉన్నది. పట్టాభిషేకం ఉన్నది.
యాళి తిరగబడే బొమ్మ, రెండు పేజీల నిండ, ఉన్నది.
పల్లకి ఎత్తుడు మూడు చోట్ల ఉన్నది.

చిన్నాయన జవాబు కోసం ఆగలే.
రోకలిని గోడకు ఆనిచ్చిండు,
మొత్తం మనిషి ఇటు తిరిగి
చాయ్ ఉన్నదా అని అడిగిండు.